బోల్టు లేని వంతెన మీద నాయనతో

బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన వాళ్ళకు హౌరా అనే మాట ముందుగా ఒక బండి పేరుగానే చెవిన పడుతుంది. అది ఒక ఊరని, ఆ ఊరి ముందర ఒక పెద్ద నది ఉందని, ఆ నది మీద లోకమంతటికీ తెలిసిన ఒక వంతెన ఉందని తెలియడానికి చాలా ఏళ్ళు పడుతుంది. మా చిన్నతనంలో రాత్రిపూట హౌరా మెయిలు కూత వినబడగానే మా అమ్మ పుస్తకాలు మూయించి లైటు ఆర్పేది. అందువల్ల నా మటుకు నాకు హౌరా అంటే నిద్రవేళ. మా నాయనకు మాత్రం అది మొదటినుంచీ వంతెనే. పోయిన జనవరిలో, తన 81వ ఏట, ఆయన ఆ వంతెనను ఒక కొననుంచి మరొక కొనదాకా నడిచి చూశాడు. పక్కన నేనున్నాను. ఆ పొద్దుటి నడకలో చూసినదీ, ఆయన చెప్పగా విన్నదీ, నేను ముందుగా చదువుకుని వెళ్ళినదీ మరిచిపోకముందే ఇక్కడ రాసి పెడుతున్నాను.

మద్రాసుకూ బెజవాడకూ ఇంచుమించు నడిమధ్యన ఉండడం వల్ల ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట షెడ్డుకు చాలా పేరుండేది. మా నాయన ఆ షెడ్డులో బాయిలర్ పని చేసే గ్యాంగులో కుర్రవాడిగా చేరాడు. బాయిలర్ రేకులను ఒకదానితో ఒకటి కలిపి పట్టి ఉంచేది రివిట్టు. దానిని కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో తీసి, రెండు రేకుల బెజ్జాలలోనుంచి దూర్చి, తల ఉన్న వైపు ఒకరు బరువైన ఇనుప దిమ్మెను అదిమి పట్టుకుంటే, అవతలి వైపు ఇంకొకరు సుత్తితో కొట్టి రెండో తలను తీరుస్తారు. ఆ రివిట్టు చల్లారే కొద్దీ కురచబడి, రెండు రేకులనూ దగ్గరికి లాక్కుని బిగిసిపోతుంది. బోల్టునైతే మనిషి బిగించాలి, అదురుకు అది సడలితే మళ్ళీ మనిషే బిగించాలి. రివిట్టు తన వేడి తాను పోగొట్టుకుంటూ తానే బిగుసుకుంటుంది. ఈ మాట మా ఇంట్లో నేను వందసార్లు విని ఉంటాను.

ఆ షెడ్డులో ఆయనకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండేవాడట. కలకత్తాలో ఒక బ్రిడ్జి ఉందనీ, దానిలో ఒక్క బోల్టూ ఒక్క నట్టూ లేవనీ, మొత్తం రివిట్ల మీదనే నిలిచి ఉందనీ ఆయన కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు చెప్పేవాడట. మా నాయన ఆ మాటను సగమే నమ్మాడు. ఎక్కడో ఒక చోట, చేతికి అందని ఏ మూలలోనో, ఒక్క బోల్టయినా ఉండి తీరుతుందని ఆయన అభిప్రాయం. కరెంటు ఇంజన్లు వచ్చి, షెడ్డులో పని సన్నగిల్లి, చివరికి మూతపడి, గ్యాంగులోని వాళ్ళు తలా ఒక దిక్కుకు బదిలీ అయిపోయినా, ఆ సందేహం మాత్రం ఆయనలో అట్లాగే ఉండిపోయింది. మేస్త్రీ కాలం చేసి చాలా ఏళ్ళయింది. నిరుడు సంక్రాంతికి ముందు నేను ఎక్కడికైనా తీసుకుపోతానంటే, తిరుపతి అంటాడనో కాశీ అంటాడనో అనుకున్నాను. ఆయన ఆ బ్రిడ్జి పేరు చెప్పాడు. మా తమ్ముడు అక్కడ కారు మాట్లాడి పెడతానంటే, ‘‘కార్లో పోతే ఏం కనపడతాది? నడిచి చూడాల,’’ అన్నాడు.

హౌరా మెయిలు ఇప్పుడు మా ఊళ్ళో ఆగదు గనుక నెల్లూరు వెళ్ళి ఎక్కాము. బండి స్టేషను వదలగానే పెన్న మీదికి వచ్చింది. చీకట్లో ఇసుక తిన్నెలు, వాటి మధ్య అక్కడక్కడ మెరిసే నీటి చాళ్ళు, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ మీది దీపాల వరుస కనబడ్డాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపించే ఈ నది 2021 నవంబరులో ఎంత ఉగ్రంగా వచ్చిందో మా జిల్లా వాళ్ళెవరూ మరిచిపోరు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదుగా నీళ్ళు పారి, మద్రాసు విజయవాడల మధ్య బండ్లు నిలిచిపోయాయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది. వంతెన అనగానే మాకు మనసులో మెదిలే బొమ్మ ఇదే: నదికి అడ్డంగా వరుసగా దిగిన స్తంభాలు, వాటి కింద ఇసుక, ఎప్పుడో ఒకసారి వాటి మెడదాకా వచ్చే నీళ్ళు. హౌరా వంతెనను చూసి మేము ఎందుకంతగా నిలబడిపోయామో చెప్పాలంటే ముందు ఈ బొమ్మను చెప్పక తప్పదు.

దారి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. బిట్రగుంట స్టేషను దాటేటప్పుడు నాయన లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం మీద మళ్ళీ తెలుగు వినబడింది. రైల్వే పని కోసం తరాల కిందట వెళ్ళి స్థిరపడిన మన వాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. హౌరాలో దిగేసరికి ఇంకా చీకటే. వెయిటింగు హాలులో తెల్లవారేదాకా కూర్చుని, మట్టి ముంతలలో టీ తాగి, బయటికి వచ్చాము.

స్టేషను ముందరికి రాగానే వంతెన ఎదురుగానే ఉంది. పొగమంచులో దాని కింది భాగం కనబడడం లేదు. పైన రెండు గోపురాల వంటి ఉక్కు బురుజులు, వాటి మధ్య కిందికి వంగి మళ్ళీ పైకి లేచే ఆ గీత మాత్రం బూడిదరంగులో తేలుతున్నాయి. పటాలలోనూ క్యాలెండర్లలోనూ చూసి చూసి, నాకది తెలిసిన వస్తువే అన్న ధీమాతో వచ్చాను. ఆ ధీమా అక్కడే పోయింది. పునాదుల మీదనుంచి 280 అడుగులు లేచిన బురుజు ఎంత ఎత్తో, దాని కిందుగా పోతున్న బస్సు అగ్గిపెట్టెలాగా కనబడితే గానీ మనసుకు పట్టదు. నాయన మాత్రం పైకి చూడలేదు. బురుజు కాళ్ళ వైపు చూస్తూ, ‘‘నదిలో కాళ్ళెక్కడ?’’ అని అడిగాడు.

ఆయన అడిగిన ప్రశ్నలోనే ఈ వంతెన కథ మొత్తం ఉంది. హుగ్లీ నదిలో దీనికి ఒక్క స్తంభమూ లేదు. రెండు బురుజులూ రెండు ఒడ్డుల దగ్గరే ఉన్నాయి, వాటి మధ్య 1,500 అడుగుల దూరాన్ని ఉక్కు ఒక్కటే దాటింది. అంతకుముందు అక్కడ ఉండినది తేలే వంతెన. సర్ బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ రూపొందించిన ఆ వంతెన బల్లకట్ల వంటి పడవల మీద నిలిచేది. 1874 మార్చిలో, అది కట్టుబడిలో ఉండగానే, తుఫానుకు లంగరు తెంచుకున్న ఒక స్టీమరు వచ్చి గుద్దుకుని దానిలో కొంత భాగాన్ని ముంచేసింది. అయినా ఆ ఏడాది అక్టోబరులో దానిని పూర్తిచేసి రాకపోకలకు తెరిచారు. ఓడలు పోవాలంటే నడిమి పడవలను తప్పించి దారి ఇవ్వాలి, అంతసేపూ బండ్లూ మనుషులూ రెండు ఒడ్డుల మీదా కాచుకుని నిలబడాలి. హౌరా స్టేషనుకు జనం పెరిగే కొద్దీ ఇది కుదరని పని అయింది.

కొత్త వంతెనకు నదిలో స్తంభాలు దించవచ్చు గదా అనిపించడం సహజం. కానీ హుగ్లీ పెన్న వంటి నది కాదు. సముద్రపు పోటు అక్కడిదాకా, ఇంకా పైదాకా వస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు ఎగువకు నడిచి మళ్ళీ దిగువకు మళ్ళుతుంది, ఆ రాకపోకలలో ఒండ్రు మట్టి అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. అటువంటి నదిలో స్తంభాలు దించితే వాటి చుట్టూ మేట పడుతుంది, మేట పడితే రేవు చెడుతుంది. కలకత్తా బతికింది రేవు మీద. అందుకని నదిని ముట్టకుండా ఒడ్డునుంచి ఒడ్డుకు చేయి చాచే పద్ధతిని ఎంచుకున్నారు. 1926లో కొత్త హౌరా వంతెన చట్టం వచ్చింది. రెండెల్, పామర్ అండ్ ట్రిట్టన్ అనే సంస్థ దీనిని రూపొందించగా, కలకత్తాలోని బ్రెయిత్‌వైట్, బర్న్, జెస్సప్ సంస్థలు కలిసి కట్టాయి. పని 1936లో మొదలై 1942లో ముగిసింది. మొత్తం 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులను టాటా వాళ్ళే సరఫరా చేశారు, అదీ ఈ వంతెన అవసరానికి తగినట్టు టిస్‌క్రోమ్ అనే గట్టి ఉక్కు రకంగా. పరాయి పాలనలో కట్టిన కట్టడమే అయినా, దాని ఒంట్లో ఉన్నది ఎక్కువగా మన నేల ఇనుమేనని చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. నాయనకు చెప్పినప్పుడు ఆయన ముఖంలోనూ అదే కనబడింది.

మేము కుడివైపు కాలిబాట ఎక్కాము, అంటే నదికి దిగువ వైపున్న దానిని. బండ్లు పోయే రోడ్డు వెడల్పు 71 అడుగులు, దానికి ఇరువైపులా 15 అడుగుల కాలిబాటలు. పదిహేను అడుగులంటే మా కావలిలో కొన్ని వీధులకంటే వెడల్పే, కానీ ఆ పొద్దుటిపూట అది చాలినట్టు లేదు. లోకల్ బండ్లు దిగిన జనం స్టేషనునుంచి ఏరులాగా వస్తున్నారు. రోజూ సుమారు లక్ష వాహనాలు, లక్షన్నర మంది పాదచారులు ఈ వంతెన దాటుతారని అంచనా. బడాబజారుకు సరుకు మోసే కూలీలు నెత్తిన చుట్టకుదుళ్ళ మీద మూటలూ గంపలూ పెట్టుకుని దాదాపు పరుగులాంటి నడకతో పోతున్నారు. బరువు మోసే మనిషి మధ్యలో ఆగలేడు గనుక, వాళ్ళు నోటితో ఒక చిన్న శబ్దం చేసుకుంటూ వస్తారు, ముందున్న వాళ్ళు తప్పుకుంటారు. కర్ర పట్టుకుని నడిచే మా నాయనను చూసి వాళ్ళే పక్కకు వంగి పోయారు తప్ప ఆయనను ఎవరూ తోయలేదు. ఆ మర్యాదను ఇక్కడ చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

నలభై అడుగులు నడిచామో లేదో, నాయన ఒక ఉక్కు కమ్మీ దగ్గర ఆగి, అరచేయి దాని మీద పెట్టాడు. అక్కడ వరుసలు వరుసలుగా రివిట్టు తలలు ఉన్నాయి, అరటిగెల మీద కాయలు కుదురుకున్నట్టుగా, ఒకదానికొకటి సమదూరంలో. ఎన్ని పూతల రంగు పడిందో గానీ వాటి గుండ్రదనం చెడలేదు. ఆయనకు చూపు మందగించింది, దూరంవి ఆనవు. కానీ ఆ తలల మీద బొటనవేలు జరుపుకుంటూ పోతూ, ఇది యంత్రంతో కొట్టినదనీ, ఇది కొట్టినవాడు తొందరలో లేడనీ, ఇక్కడ సందు ఇరుకు గనుక వాడు పక్కకు వంగి కొట్టి ఉంటాడనీ చెప్పాడు. ఆయన చెప్పిన దానిలో ఎంత నిజమో తేల్చేటంత తెలివి నాకు లేదు. కానీ ఒక పుస్తకాన్ని వేలితో చదువుకుంటున్న మనిషిని చూస్తున్నట్టుగా నాకు అనిపించింది. పటంలో ఈ వంతెన ఒక గీత; కాలిబాట మీద అది ఒక్కొక్కటిగా మనిషి చేతిమీదుగా పోయిన కొన్ని లక్షల దెబ్బలు.

రోడ్డు మొత్తం పైనున్న ఉక్కు చట్రానికి వేలాడుతూ ఉంది. 39 జతల ఉక్కు కమ్మీలు దానిని పట్టుకుని ఉన్నాయి. బండ్లకూ మనుషులకూ మధ్యగా అవి దిగుతాయి గనుక నడిచేవాళ్ళు వాటి పక్కనుంచే పోతారు, పోతూ పోతూ కొందరు వాటి మొదళ్ళలో పాన్ ఉమ్ముతారు. దశాబ్దాల తరబడి అట్లా పడిన సున్నమూ కాచూ కలిసిన ఉమ్మి ఆ మొదళ్ళను తినేస్తూ వచ్చింది. వాటికి రక్షణగా పెట్టిన 6 మిల్లీమీటర్ల ఉక్కు తొడుగులు కొద్ది ఏళ్ళలోనే 3 మిల్లీమీటర్లకు అరిగాయని తేలాక, వంతెన బాగోగులు చూసే రేవు అధికారులు 2011లో ఫైబర్ గ్లాసు తొడుగులు వేయించారు. పక్షుల రెట్ట కూడా ఉక్కుకు చెరుపే గనుక దానిని ఎప్పటికప్పుడు కడిగించవలసి వస్తుంది. నాయనకు ఈ పాన్ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బాంబులకు దొరకని వంతెన మనవాళ్ళ నోటికి దొరికిందని నాకు దుఃఖం కలిగింది. మేము నిలబడి ఉండగానే ఒకాయన అక్కడే ఉమ్మి పోయాడు.

వంతెన ఎట్లా నిలిచిందో నాయనకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి నేను కావడి పోలిక చెప్పాను. భుజం మీద కావడిబద్ద పెట్టుకున్న మనిషిలాగా ఒక్కొక్క బురుజూ నిలబడి ఉంది. ఒడ్డు వైపు కొన 325 అడుగులు పోయి, నేలలో దింపిన బరువైన దిమ్మెకు కట్టబడి ఉంది. నది వైపు కొన 468 అడుగులు గాలిలోకి చాచుకుని ఉంది. ఒడ్డు వైపు లేవకుండా నేల పట్టి ఉంచుతుంది గనుకనే నది వైపు కుంగకుండా నిలుస్తుంది. ఎదురుబొదురుగా చాచిన ఆ రెండు చేతుల కొనల మధ్య మిగిలిన 564 అడుగుల భాగాన్ని ఆ చేతులే మోస్తున్నాయి. నాయన విని, ‘‘అయితే నడిమి ముక్క ఉయ్యాలబల్ల మాదిరి,’’ అన్నాడు. ఇంతకంటే బాగా చెప్పిన వాక్యం నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు.

ఆ ఉయ్యాలబల్ల మొదలయ్యే చోటు కాలిబాట మీదనే తెలుస్తుంది. వేసవికి సాగి చలికి ముడుచుకునే ఉక్కుకు చోటు విడవాలి గనుక, చాచిన చేయి ముగిసి నడిమి భాగం మొదలయ్యే చోట నేల మీద ఒక అతుకు ఉంది. మామూలుగా దాటిపోయేవాళ్ళు దానిని గమనించరు. నాయన దాని మీద ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పెట్టి, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఒక నిండు బస్సు పోయింది. ‘‘రెండు కాళ్ళకూ ఒక మాదిరి అదురు లేదు, నువ్వు నిలబడి చూడు,’’ అన్నాడు. నేనూ నిలబడ్డాను. నిజమే, ఎడమ కాలికి తెలిసిన అదురు కుడి కాలికి కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా తెలిసింది. ఈ నడిమి భాగాన్ని రెండు ఒడ్డులనుంచీ సగం సగం కట్టుకుంటూ వచ్చి, చివరికి మిగిలిన సందును కలపడానికి ఒక్కొక్కటి 800 టన్నుల శక్తి గల 16 హైడ్రాలిక్ జాకీలను వాడారు. నీటికి అంత ఎత్తున, రెండు ఉక్కు కొండలను అంగుళం అంగుళంగా జరిపి, రివిట్టు బెజ్జాలు ఒకదానికొకటి ఎదురు వచ్చేటట్టు చేయడం ఎంత పనో నాయనకు ఎవరూ వివరించనక్కరలేదు. బాయిలర్‌కు అతుకు వేసేటప్పుడు రెండు బెజ్జాలు నూలుపోగంత తప్పితే మధ్యాహ్నం అన్నం మాని కూర్చున్న రోజులున్నాయని చెప్పాడు.

ఇనుము గురించి అంతసేపు మాట్లాడుకున్నాము గాని, కష్టం ఎక్కువగా మట్టిలోనే పడ్డారని నా అభిప్రాయం. బురుజులకు పునాదులుగా 55 మీటర్ల పొడవు, దాదాపు 25 మీటర్ల వెడల్పు గల పెట్టెల వంటి కట్టడాలను నేలలోకి దించారు. ఒక్కొక్క దానిలో బావుల వంటి 21 గుంటలు. వాటిలోనుంచి మట్టి తోడే కొద్దీ ఆ కట్టడం తన బరువుతో తానే దిగుతుంది. మన పల్లెల్లో ఒర బావి దించే పద్ధతే ఇది, కొలత మాత్రమే వేరు. కలకత్తా వైపుది 31 మీటర్లకు పైగా దిగింది. ఒక రాత్రి మట్టి తోడుతుండగా అడుగునున్న నేల ఒక్కసారిగా జారి, ఆ కట్టడం మొత్తం రెండడుగులు కిందికి పడింది. ఆ దెబ్బ కిదర్‌పూర్‌లోని భూకంప యంత్రంలో భూకంపంగా నమోదయింది. ఒడ్డునున్న ఒక గుడి కూలిపోతే తరువాత మళ్ళీ కట్టించారు.

వంతెన పూర్తయ్యేనాటికి యుద్ధం ఇంటి గుమ్మందాకా వచ్చింది. మన వైపు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ డిసెంబరులో కలకత్తా మీద వేశాయి. అందుకనే ఆసియాలో అంతటి కట్టడానికి ప్రారంభోత్సవమంటూ ఏదీ జరగలేదు. 1943 ఫిబ్రవరి 3న, రాత్రిపూట, ఒంటరిగా ఒక ట్రాము దాని మీద నడిచింది, అంతే. తోరణాలు లేవు, ఉపన్యాసాలు లేవు. ఆ ఏడాదే బెంగాలు కరువు వచ్చింది. పల్లెలనుంచి ఆకలితో వేలాదిమంది ఆ నగరానికి నడిచి వచ్చారు. ఈ వంతెన మీది కాలిబాటకు మొదటి ఏడాదిలోనే పడిన అడుగులలో అవీ ఉన్నాయన్న తలపు వచ్చినప్పుడు, ఆ గంపల కూలీల నడుమ నేను కాసేపు నడవలేకపోయాను. అంతకు రెండేళ్ళ ముందు, 1941 ఆగస్టులో, వంతెన ఇంకా కట్టుబడిలో ఉండగానే రవీంద్రనాథ్ ఠాగూర్‌ను ఇదే నది ఒడ్డున, కొంత ఎగువన, నీమ్‌తలా ఘాటులో దహనం చేశారు. 1965లో ఈ వంతెనకు రవీంద్ర సేతు అని పేరు పెట్టారు. ఆ పేరును కాగితాల మీద తప్ప ఎవరి నోటా నేను వినలేదు. అందరికీ అది హౌరా బ్రిడ్జే.

అవతలి ఒడ్డు చేరేసరికి మంచు విడిచింది. దిగువన 1992లో వచ్చిన విద్యాసాగర్ సేతు తన తీగలతో సన్నగా కనబడింది. మెట్లు దిగితే వంతెన నీడలోనే మల్లిక్ ఘాటు పూల బజారు. మేదినీపూర్ పల్లెలనుంచి వచ్చిన బంతిపూల దండలు పాముల చుట్టల్లాగా గుట్టలు పోసి ఉన్నాయి. కింద బురద, పైన రివిట్ల వరుసలు, మధ్యన ఈ పసుపూ నారింజా. నెల్లూరులో మూర చొప్పున కొలిచి కొనే పువ్వును అక్కడ దండలను మోపులుగా కట్టి అమ్ముతున్నారు. నాయన ఘాటు మెట్ల మీద కూర్చుని వంతెన అడుగుభాగాన్ని తలెత్తి చాలాసేపు చూశాడు. నేను నీళ్ళను చూస్తూ కూర్చున్నాను. వంతెన మీద నడిచేటప్పుడు గుర్రపుడెక్క దుబ్బులు ఎగువకు, ఉత్తరానికి పోతూ కనబడ్డాయి. ఇప్పుడవి దిగువకు పోతున్నాయి. మేము రెండు గంటలు ఉన్న లోపలే నది తన దారి మార్చుకుంది. పెన్నను చూస్తూ పెరిగిన దానికి ఇది వింతగానే ఉంటుంది.

తిరిగి స్టేషనుకు మెట్రోలో పోదామని నేనన్నాను. 2024 మార్చినుంచి అక్కడ నది అడుగున మెట్రో నడుస్తోంది; మన దేశంలో నది కింద వేసిన మొదటి మెట్రో దారి అదే, నదిని 45 సెకన్లలో దాటిస్తుంది. నాయన మోకాళ్ళు నాకు తెలుసు, అప్పటికే కర్ర మీద బరువు పెరిగింది. కానీ ఆయన, ‘‘అటుపక్క చూడలేదు గదా పాపా,’’ అన్నాడు. బోల్టు కోసం వెతుకుతున్నాడని నాకు అప్పుడు గానీ గుర్తు రాలేదు. ఇంతసేపూ ఆయన రివిట్లను మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాను. మెచ్చుకుంటూనే ఒక్కొక్క అతుకు దగ్గరా ఆగి మేస్త్రీ మాటను సరిచూస్తున్నాడు.

ఉత్తరం వైపు కాలిబాట మీద తిరిగి వచ్చాము. నాలుగు చోట్ల కూర్చున్నాము. చేతికి అందినంత మేరా తడిమి, అందని చోట నన్ను చూసి చెప్పమన్నాడు. దీపపు స్తంభాలకు బోల్టులున్నాయి, పక్క కంచెలో కొన్ని చోట్ల ఉన్నాయి. వాటిని నేను చూపిస్తే, ‘‘అవి బ్రిడ్జిని మొయ్యవు, వాటినే బ్రిడ్జి మోస్తా ఉండాది,’’ అని తీసేశాడు. హౌరా వైపు బురుజు కాలి దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడ ఆఖరుసారిగా అరచేయి ఆనించి, చేతికి అంటిన వెండిరంగు ధూళిని పంచెకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని స్టేషనులోకి నడిచాడు.

ఊరికి వచ్చిన మర్నాడు సాయంత్రం బిట్రగుంట స్టేషను పక్కనున్న అరుగు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ పాత గ్యాంగులో ఇప్పుడు మా ఊళ్ళో మిగిలింది ఆయనా, ఇంకొక పెద్దాయనా ఇద్దరే. ఆ పెద్దాయన క్షేమసమాచారాలు ఏవీ అడగకుండా, ‘‘ఉండాదా, లేదా?’’ అన్నాడు.

‘‘లేదు. పోతా ఒక పక్క చూసినా, వస్తా ఇంకో పక్క చూసినా. ఒక్కటి లేదు,’’ అన్నాడు నాయన.

ఆ పెద్దాయన కాసేపు పట్టాల వైపు చూసి, రివిట్టు తల ఎంత ఉందని అడిగాడు. నాయన బొటనవేలినీ చూపుడువేలినీ గుండ్రంగా కలిపి, కొంచెం సడలించి, మళ్ళీ సరిచేసి, ఆయన కళ్ళ దగ్గరికి తీసుకుపోయి చూపించాడు.